కాలేజీ ఆటగాళ్లకు డబ్బు: ఉత్త స్కాలర్‌షిప్పా, దాతల డబ్బా, కాలేజీ ఇచ్చే వాటానా – ఏది మేలు?

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ సీజన్ మొదలైతే చాలు, మా ఊళ్లో శనివారం ఏ తెలుగువాళ్లింటికి భోజనానికి వెళ్లినా ఇదే చర్చ. "పంతొమ్మిదేళ్ల కుర్రాడికి మిలియన్ డాలర్లేంటండీ, చదువుకోడానికొచ్చాడా సంపాదించుకోడానికొచ్చాడా?" అని ఒకరంటే, "అంత ఆదాయం తెచ్చేది వాళ్లే కదా, వాళ్లకిస్తే తప్పేంటి?" అని ఇంకొకరు. మా అమ్మాయి హైస్కూల్ స్విమ్మింగ్ టీమ్‌లో ఉండటంతో ఈమధ్య అందరూ నన్నే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే రాసిపెడితే నయమనిపించింది. ఎన్ఐఎల్ అనే మాట ముందు చెప్పేస్తాను: ఆటగాడు తన పేరు, ఫొటో వాడుకోనిచ్చి డబ్బు సంపాదించుకునే హక్కు.

ఎంత ఇచ్చారన్నది నాకు రెండో సంగతి. పదిహేడేళ్ల పిల్లవాడి ఇంటికొచ్చి, వాళ్ల హాల్లో కూర్చుని, అమ్మానాన్నల ముందు కోచ్ ఒక మాట ఇస్తాడు కదా, ఆ మాట కింద సంతకం ఎవరిది? రేపు పిల్లవాడి మోకాలు దెబ్బతింటే, ఆ కోచ్ వేరే కాలేజీకి వెళ్లిపోతే, ఆ మాటకు ఎవరు జవాబు చెప్పాలి? నేను ఏ పద్ధతినైనా ముందు ఈ ప్రశ్నతోనే చూస్తాను.

పాత పద్ధతిని నేను దగ్గర్నుంచి చూశాను. 2011లో ఎం.ఎస్. చదువుతూ యూనివర్సిటీ డైనింగ్ హాల్లో వారానికి 20 గంటలు పనిచేసేవాణ్ని, ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు అంతకుమించి వీల్లేదు కాబట్టి. రాత్రి తొమ్మిదింటికి మూసేవేళ ఫుట్‌బాల్ టీమ్ కుర్రాడొకడు వచ్చేవాడు. భారీ మనిషి, వేళ్లకింకా తెల్ల టేపు అలాగే ఉండేది. ప్రాక్టీసు, దాని తర్వాత ట్యూటరింగ్ అయ్యేసరికి ఆ వేళయ్యేది. వారం చివరికొచ్చేసరికి అతని మీల్ స్వైప్‌లు, అంటే కార్డు మీద వచ్చే భోజనాలు, అయిపోయేవి. పారబోయాల్సిన చికెన్ ట్రే నా చేతిలోనే ఉండేది. వేరే స్టూడెంట్ ఎవరైనా అడిగితే ఓ డబ్బాలో పెట్టిచ్చేవాళ్లం, ఎవరూ ఏమనేవారు కాదు. అతనికి మాత్రం ఇవ్వొద్దని సూపర్‌వైజర్ గట్టిగా చెప్పింది. అది రూల్స్‌కి విరుద్ధమైన అదనపు ప్రయోజనం కిందికి వస్తుందని, తెలిస్తే ఆట పోయేది అతనికేనని. ఇంటికి నడిచి వెళ్లే దారిలోనే బుక్‌స్టోర్ ఉండేది. అద్దాల వెనక అదే టీమ్ జెర్సీ, 60 డాలర్లు. దాని మీద స్టార్ ఆటగాడి నంబరుంటుంది, పేరుండదు. పేరుంటే అతనికి ఎంతో కొంత ఇవ్వాల్సి వస్తుందని పేరు తీసేసి నంబరు అమ్మేవారు.

ఆ రోజుల్లో రూల్స్ ఎంత చిన్న విషయాల దాకా వెళ్లేవంటే, ఆటగాళ్లకు బేగల్ (గుండ్రటి రొట్టె) ఇవ్వొచ్చు గానీ దాని మీద క్రీమ్ చీజ్ రాసి ఇవ్వకూడదు. 2014లో కనెక్టికట్‌ను బాస్కెట్‌బాల్ ఛాంపియన్‌గా నిలబెట్టిన షబాజ్ నేపియర్, కొన్ని రాత్రులు ఆకలితోనే పడుకుంటామని విలేకరుల ముందు చెప్పాక గానీ తిండి మీద ఆంక్షలు తీసేయలేదు.

మనవాళ్లు ఎక్కువగా అనేది ఒకటుంది: "ఫీజు లేకుండా డిగ్రీ వస్తోందిగా, ఇంకేం కావాలి?" నలభై లక్షలు అప్పు చేసి వచ్చినవాళ్లకు అలా అనిపించడంలో తప్పు లేదు, నాకూ అప్పట్లో అలాగే అనిపించేది. కానీ ఆ స్కాలర్‌షిప్ కాగితాన్ని జాగ్రత్తగా చదవాలి. 1973 నుంచి 2012 దాకా, కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ రూల్ ప్రకారం స్కాలర్‌షిప్ ఒక్క ఏడాదికే. రెండో ఏడాది కొనసాగించాలా వద్దా అన్నది కోచ్ ఇష్టం. నాలుగేళ్ల చదువని చెప్పి తీసుకొస్తారు, చేతిలో పెట్టేది ఒక్క ఏడాది కాగితం. ఇక 'స్టూడెంట్ అథ్లెట్' అనే మాట ఎక్కడిదంటే, ఆటలో గాయపడినవాళ్లు ఉద్యోగుల్లా నష్టపరిహారం అడుగుతారన్న భయంతో 1950ల్లో ఎన్‌సీఏఏ తయారుచేసుకున్నది. అప్పటి అధిపతి వాల్టర్ బయర్స్ తర్వాత తనే ఆ సంగతి రాశాడు. 1955లో కొలరాడోలో రే డెనిసన్ అనే ఆటగాడు మైదానంలో తలకు దెబ్బ తగిలి చనిపోతే, అతని భార్యకు పరిహారం రాదని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1957లో తేల్చేసింది. ఇక డిగ్రీ విలువ మాటకొస్తే, నార్త్ కరోలినాలో 18 ఏళ్ల పాటు పాఠాలే జరగని పేపర్ క్లాసుల్లో 3,100 మంది విద్యార్థులకు మార్కులిచ్చారని 2014లో బయటపడింది, వాళ్లలో దాదాపు సగం మంది అథ్లెట్లు.

పాత పద్ధతికి న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. చేరిన కాలేజీలోనే ఉండి చదువు ముగించేవాళ్లు అప్పట్లో ఎక్కువ, ఏడాదికో కాలేజీ మారే గొడవ లేదు. అయితే డబ్బు లేదనడం మాత్రం నిజం కాదు. టేబుల్ కింద ఎప్పుడూ నడిచేది. సదరన్ మెథడిస్ట్ కాలేజీలో దాతలు ఆటగాళ్లకు రహస్యంగా డబ్బులిస్తున్నారని 1987 సీజన్ మొత్తం రద్దు చేశారు. ఫుట్‌బాల్ ఆటగాడు ఎ.జె. గ్రీన్ తన సొంత జెర్సీని వెయ్యి డాలర్లకు అమ్ముకున్నాడని 2010లో నాలుగు మ్యాచ్‌లు ఆడనివ్వలేదు. బాస్కెట్‌బాల్ కుర్రాడు బ్రయాన్ బోవెన్ సంగతి వీటన్నిటికంటే బాధగా ఉంటుంది. అతను లూయివిల్‌లో చేరేందుకు తండ్రికి లక్ష డాలర్లు ఇచ్చే ఏర్పాటు జరిగిందని 2017లో ఎఫ్‌బీఐ బయటపెట్టింది. అడిడాస్ అధికారి జేమ్స్ గాటోకు శిక్ష పడింది, తనకేమీ తెలియదన్న కుర్రాడు కాలేజీ తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. నాలుగేళ్లు ఆగి ఉంటే అతను తన పేరు మీద నేరుగా డబ్బు తీసుకునేవాడు.

2021 జూన్‌లో, ఆటగాళ్లు వేసిన ఆల్‌స్టన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 9–0తో ఎన్‌సీఏఏని ఓడించింది, జులై 1 నుంచి ఎన్ఐఎల్ వచ్చింది. అసలు ఉద్దేశం మంచిదే: ప్రకటన చేస్తే, ఆటోగ్రాఫ్ ఇస్తే డబ్బు. నెలలు తిరక్కుండానే దాతలంతా కలిసి కలెక్టివ్‌లు, అంటే తమ కాలేజీ ఆటగాళ్లకు డబ్బిచ్చే బయటి సంస్థలు, పెట్టారు, ఎన్ఐఎల్ పేరుతో జరిగింది రిక్రూటింగే. డబ్బు చేతికి రావడం నాకు సంతోషమే, పాతదానికంటే వెయ్యి రెట్లు నయం. కానీ సంతకం దగ్గరికి రండి. జేడెన్ రషాడా అనే ఫుట్‌బాల్ కుర్రాడు ఫ్లోరిడా యూనివర్సిటీలో చేరడానికి 1.385 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుని, డబ్బు రాక, అక్కడ ఒక్క మ్యాచ్ ఆడకుండానే బయటికొచ్చి, 2024లో అక్కడి కోచ్ మీద, దాత మీద దావా వేశాడు. అదే ఏడాది సెప్టెంబర్‌లో లాస్ వేగస్‌లోని యూఎన్ఎల్వీ కాలేజీ క్వార్టర్‌బ్యాక్ (జట్టు ఆటను నడిపించేవాడు) మాథ్యూ స్లూకా, జట్టు మూడింటికి మూడూ గెలిచాక, ఇస్తామన్న లక్ష డాలర్లు ఇవ్వలేదని మానేశాడు. కలెక్టివ్‌ని అడిగితే అలాంటి అధికారిక ఆఫరేదీ మేమివ్వలేదంది. ఎవరిది నిజమో నేను చెప్పలేను. కానీ కాగితం ఉండి, దాని మీద కాలేజీ సంతకం ఉంటే ఈ గొడవే వచ్చేది కాదు. మాట ఇచ్చేది కోచ్, డబ్బు దాతలది, మ్యాచ్ గెలుపు కాలేజీది, తేడా వస్తే మాత్రం పిల్లవాడు ఎవరి తలుపు తట్టాలో తెలియదు.

దీని పక్కన కోచ్‌ల కాగితాలు పెట్టి చూడండి. 2023 నవంబర్‌లో టెక్సస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీ తన ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్‌ని తీసేసింది. ఒప్పందం ప్రకారం అతనికి ఇంకా ఇవ్వాల్సింది 7.5 కోట్ల డాలర్లకు పైనే. ఓడిపోయి ఇంటికెళ్లినా డబ్బు వస్తుంది, ఎందుకంటే రాసుకున్నది యూనివర్సిటీతో. కోచ్‌కి అంత గట్టి కాగితం రాసివ్వగలిగినవాళ్లు పిల్లలకెందుకు రాసివ్వలేరు?

అందుకే మూడోది, అంటే 2025 జూన్ 6న జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదించిన హౌస్ సెటిల్‌మెంట్ (ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్లు వేసిన కేసులో కుదిరిన రాజీ) నాకు నచ్చింది. మొదటి ఏడాది ఒక్కో కాలేజీ 2.05 కోట్ల డాలర్ల దాకా నేరుగా ఆటగాళ్లకు ఇవ్వొచ్చు. పాత ఆటగాళ్లకు పదేళ్లలో దాదాపు 280 కోట్ల డాలర్ల బకాయి చెల్లించాలి. బయటివాళ్లు 600 డాలర్లకు మించి ఇచ్చే డీల్స్‌ని తనిఖీకి పంపాలి. మొదటిసారి కాలేజీ తన పేరుతో, తన ఖజానా నుంచి, తన సంతకంతో డబ్బిస్తోంది. నా ఓటు దీనికే.

లోపాలు లేవనను. ఆ పరిమితిని ఆటగాళ్ల యూనియన్‌తో కూర్చుని తేల్చలేదు, ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోలా కాదు. పెద్ద కాలేజీల్లో చాలాచోట్ల ఆ డబ్బు పంచే లెక్క ఇంచుమించు ఇలా ఉందని అంటున్నారు: ఫుట్‌బాల్‌కి 75 శాతం, మగపిల్లల బాస్కెట్‌బాల్‌కి 15, ఆడపిల్లల బాస్కెట్‌బాల్‌కి 5, మిగతా ఆటలన్నిటికీ కలిపి 5. బకాయిల పంపకంలో ఆడపిల్లలకు అన్యాయం జరిగిందని కొందరు అథ్లెట్లు అప్పీలుకి కూడా వెళ్లారు, నా దృష్టిలో వాళ్ల వాదన సబబే. ఇంకొకటి మనకు బాగా తగిలేది: ఎఫ్-1 పిల్లలు. పర్డ్యూ యూనివర్సిటీలో బాస్కెట్‌బాల్ ఆడిన కెనడా కుర్రాడు జాక్ ఈడీ అప్పట్లో దేశంలోనే ఉత్తమ కాలేజీ ఆటగాడు, తోటివాళ్లంతా ఎన్ఐఎల్ డబ్బు తీసుకుంటుంటే వీసా వల్ల అతను చాలా డీల్స్ చేయలేకపోయాడు. కెంటకీలో కాంగో కుర్రాడు ఆస్కార్ షీబ్వే టీమ్‌తో బహామాస్ వెళ్లినప్పుడు, అమెరికా బయట ఉన్న ఆ కొద్ది రోజుల్లోనే డీల్స్ పూర్తిచేసుకోవాల్సి వచ్చింది. హైదరాబాద్ నుంచి టెన్నిస్ స్కాలర్‌షిప్ మీద పంపాలనుకునే తల్లిదండ్రులు ఈ డబ్బు లెక్కలోకి తీసుకోకుండానే నిర్ణయం చేసుకోవాలి.

నాలుగోది ఆటగాళ్లను ఉద్యోగులుగా గుర్తించడం. మనకిది కొత్తేం కాదు. రైల్వేలు స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగమిచ్చి ఆడిస్తాయి. ధోనీ ఖరగ్‌పూర్‌లో టికెట్లు తనిఖీ చేశాడు, మన మిథాలీ రాజ్ కూడా రైల్వే ఉద్యోగిగానే ఆడింది. కాలు విరిగినా నెల జీతం ఆగదు, ఆట అయిపోయాక కూడా ఉద్యోగం ఉంటుంది. ఇక్కడ మాత్రం నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆటగాళ్లు 2014లో యూనియన్ కోసం ప్రయత్నిస్తే 2015లో లేబర్ బోర్డు పక్కన పెట్టేసింది. డార్ట్‌మత్ బాస్కెట్‌బాల్ జట్టు 2024 మార్చిలో 13–2తో యూనియన్‌కి ఓటేసి, ఆ ఏడాది చివర్లో దరఖాస్తు వెనక్కి తీసుకుంది. పెద్ద ఫుట్‌బాల్ కాలేజీలు చివరికి ఇక్కడికే రావాలని నా కోరిక, చిన్న కాలేజీలు ఆ ఖర్చు మోయలేవు.

డబ్బుని ట్రస్టులో దాచి డిగ్రీ అయ్యాక ఇవ్వాలన్న ఆలోచన ఒకటుంది. ఏడాదికి 5,000 డాలర్ల చొప్పున అలా ఇవ్వొచ్చని 2014లో కోర్టు చెప్పింది, మరుసటి ఏడాది పైకోర్టు కొట్టేసింది. కాలేజీ మానేసి నేరుగా ప్రొఫెషనల్ అవడం మరొకటి, కానీ అలాంటి కుర్రాళ్ల కోసం ఎన్‌బీఏ పెట్టిన జీ లీగ్ ఇగ్నైట్ జట్టే 2024లో మూతపడింది.

ఇక మా ఇంటి సంగతి. 2025 మార్చిలో కాలిఫోర్నియాలోని కాల్ పాలీ కాలేజీ, రాబోయే ఈ సెటిల్‌మెంట్ ఖర్చునీ ఒక కారణంగా చూపించి స్విమ్మింగ్, డైవింగ్ జట్లను ఎత్తేసింది. ఆ వార్త చూసి మా అమ్మాయి ఆ రోజు ప్రాక్టీసుకి వెళ్లలేదు. ఆటగాళ్లకు ఇవ్వడం వల్లే ఇలా అయిందని నాతో వాదించినవాళ్లున్నారు. తీసేసిన కోచ్‌లకు కోట్లు కట్టే వ్యవస్థలో కోత మొదట ఈత కొలను దగ్గరే ఎందుకు మొదలవ్వాలన్నది నా ప్రశ్న. ఇప్పుడు కోచ్‌ల ఫోన్లు మొదలయ్యాయి, ఆమె స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతుంటే నేను పక్కనే కూర్చుంటున్నాను. మేం ఎంతిస్తారని అడగట్లేదు. స్కాలర్‌షిప్ ఎన్నేళ్లకి, భుజానికి ఆపరేషన్ అయితే ఆ ఖర్చు ఎవరిది, టీమ్ ఎత్తేస్తే డిగ్రీ అయ్యేదాకా ఫీజు కడతారా, ఈ మూడూ కాగితం మీద రాసిస్తారా అని అడుగుతున్నాం. ఇప్పటిదాకా ముగ్గురిని అడిగితే, రాసిస్తానని ఒక్కరే అన్నారు.