మడిగెల కిరాయి లెక్కలు: ఖాతా పుస్తకమా, సాఫ్ట్‌వేరా?

నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ వంటి చోట నాలుగైదు మడిగెలున్న యజమానికి ఖాతా పుస్తకం చాలావరకు సరిపోతుంది. నెల, అందిన మొత్తం, పక్కనే కిరాయిదారు సంతకం ఉంటే నగదు చెల్లింపుపై పేచీ రాదు.

చిక్కంతా పన్నుల దగ్గరే. యజమాని వార్షిక టర్నోవర్ 20 లక్షల రూపాయలు దాటితే వాణిజ్య కిరాయిపై 18 శాతం జీఎస్టీ వేసి, వరుస సంఖ్యతో ఇన్‌వాయిస్ ఇవ్వాలి. మడిగెలో ఉన్నది బ్యాంకో, పెద్ద షోరూమో అయితే వారు 10 శాతం టీడీఎస్ (కిరాయి ఇచ్చేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) మినహాయించుకొని జమ చేస్తారు గనుక, ఒప్పందంలోని కిరాయికీ ఖాతాలో పడిన సొమ్ముకూ పొంతన కుదరదు. ఉదాహరణకు, నెలకు 60,000 రూపాయల కిరాయికి 10,800 జీఎస్టీ కలిపి 70,800కు బిల్లు వేస్తే, టీడీఎస్ 6,000 పోను చేతికొచ్చేది 64,800. ఈ అంకెలన్నిటినీ ప్రతి మడిగెకూ నెలనెలా విడివిడిగా రాసే ఓపిక ఎందరికి ఉంటుంది? సాఫ్ట్‌వేర్ వాటిని తానే వేరుచేస్తుంది, ఒప్పందం ప్రకారం కిరాయి పెంచాల్సిన తేదీని గుర్తుచేస్తుంది.

అందుకే జీఎస్టీ పరిధిలోకి వచ్చినవారు సాఫ్ట్‌వేర్‌కు మారడమే మేలని నా అభిప్రాయం. నగదు ఇచ్చే చిన్న దుకాణాల కోసం సంతకాల పుస్తకాన్నీ ఉంచుకోవచ్చు. అయితే ఏటా చందా కట్టవలసిన సాఫ్ట్‌వేర్ అయితే, చందా ఆపేసినా పాత లెక్కలను ఎక్సెల్‌లోకి దింపుకోవచ్చో లేదో కొనేముందే తెలుసుకోవాలి.