ఊరి ప్లాన్ల మీద ఆన్‌లైన్లో అభిప్రాయం చెప్పడం: తొమ్మిదేళ్ళు వాడినాక నా రివ్యూ

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి పక్క సందులో నాది చిన్న జిరాక్స్ షాపు. ప్రింట్లు, అప్లికేషన్లు, రైలు టికెట్లు, ఇదే పని. అందుకే ఈ ఆన్‌లైన్ సలహాలు, పోల్స్ అనేవి నా కోసం నేను వాడింది రవ్వంత, పక్కోళ్ళ కోసం వాడిందే జాస్తి. రేటింగ్ ముందే చెప్పేస్తా, 5కి 2.5.

మొదలుపెట్టింది 2016లో. అప్పుడు స్మార్ట్ సిటీ పోటీ కదా, జనం అభిప్రాయం తీసుకున్నారా లేదా అనేదానికి కూడా మార్కులు ఉండేవి, దాంతో మైగవ్‌లోకి (జనం అభిప్రాయాలు తీసుకునే కేంద్ర ప్రభుత్వం వెబ్‌సైట్) పోయి చెప్పండి చెప్పండి అని వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మోత. నేనూ చెప్పినా, షాపుకొచ్చిన కాలేజీ పిల్లోళ్ళతో కూడా చెప్పించినా. సెప్టెంబర్లో లిస్టులో మన ఊరి పేరు వచ్చింది, సంతోషం. కానీ నేనేం టైప్ చేసినానో ఇప్పుడు అడిగితే నాకే గుర్తు లేదు. రోడ్లు కావాలా, పార్కులు కావాలా, డ్రైనేజీ కావాలా అంటే అన్నీ కావాలనే అంటాం, ఎవురు వద్దంటారు చెప్పండి.

అసలు సంగతి తెలిసింది 2020లో. కరోనా టైంలో పీఎం స్వనిధి వచ్చింది, బండ్లోళ్ళకి అప్పట్లో మొదటి విడత 10,000 లోన్, ఆ అప్లికేషన్ల కోసం పూలోళ్ళు, ఇడ్లీ బండోళ్ళు, దువ్వెనలు టోపీలు అమ్మేవాళ్ళు మా షాపు ముందర లైన్ కట్టినారు. వాళ్ళ కాగితాలు చూస్తా చూస్తా నేను 2014 వీధి వ్యాపారుల చట్టం చదివినా. ప్రతి ఊర్లో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలంట, అందులో కనీసం 40 శాతం మంది బండ్లోళ్ళే ఉండాలంట, వాళ్ళల్లో మూడో వంతు ఆడోళ్ళు. ఈ మాట చెప్తే మా పూలక్క నవ్వింది, "అట్లనా సామీ, మరి నన్ను ఎవురూ పిలవలేదే" అనింది.

కొన్నాళ్ళకి ఒక ఆఫీసోళ్ళు (పేరు రాయను, వాళ్ళతో నాకు ఇంకా పనులుండాయి) ఒక లింకు వదిలినారు, ఈ బజారులో తోపుడు బండ్లు వేరే చోటికి మార్చాలా, అవును కాదు, అంతే. ఓటీపీ వస్తే ఓటు. ఓటేసేది ఎవురంటే స్కూటర్లు కార్లు ఉండేవాళ్ళు, వాళ్ళదీ తప్పు కాదు లెండి, ఆ సందులో నా బండి పెట్టుకోవడానికే నాకు చోటుండదు. కానీ బండ్లోళ్ళలో సగం మందికి ఆ లింకు సంగతే తెల్దు, తెలిసినోళ్ళకి ఓటీపీ వచ్చేది ఇంట్లో కొడుకు ఫోనుకు. పూలక్కకి నేను చదివి చెప్పినా. ఆమె అవును అనలా కాదు అనలా, ఎదురు నన్నే అడిగింది, "మారుస్తామంటే యాడికి? ఆడ నీళ్ళుండాయా, బాత్రూం ఉండాదా, తెల్లారుజామున విష్ణు నివాసం సత్రం నుంచి వచ్చే జనం ఆ దోవన నడుస్తారా?" నాకు తెలిసి మొత్తం ప్లాన్లో ఎవురూ అడగని ప్రశ్న అది. యాత్రికుడు పూలు కొనేది గుడికి పోయే దోవలోనే కదా, నాలుగు అడుగులు పక్కకి నెడితే ఆమె పొద్దుటి బేరం మొత్తం పోతుంది. ఆ మాట రాసేదానికి ఆ పేజీలో డబ్బా లేదు.

సరే అనేసి మేమే రెండు పొద్దుటిళ్ళు కూర్చుని ఏ దోవన జనం జాస్తిగా పోతారో చూసి, ఫోటోలు తీసి, తెలుగులో రెండు పేజీలు టైప్ చేసి, బండ్లోళ్ళతో సంతకాలు పెట్టించి ఆఫీసులో ఇచ్చి రసీదు తెచ్చుకున్నాం, అదే స్కాన్ చేసి ఆన్‌లైన్లో కూడా పెట్టినాం. ఆన్‌లైన్లో పెట్టింది పది రోజులకి "క్లోజ్డ్" అని వచ్చింది, ఎందుకు ఏమి అనే ఒక్క ముక్క లేదు, కంపార్ట్‌మెంట్లో కూర్చోబెట్టి గేటు తియ్యకుండానే దర్శనం అయిపోయింది పోండి అన్నట్టు. కాగితం మాత్రం పని చేసింది, ఒకాయన వచ్చి స్థలం చూసి పోయినాడు, చివరికి బండ్లు ఇంకో వైపుకి, గుడి దోవలోనే పెట్టుకోమన్నారు. బాత్రూం మాత్రం రాలేదు.

బాగుండేవీ ఉండాయి, అవీ చెప్పాల. డ్రాఫ్ట్ ప్లాన్ పెట్టి, మ్యాపు పెట్టి, ఫలానా తేదీ లోపల అభ్యంతరాలు ఇవ్వండి అనే రకం నోటీసులకి రాస్తే ఫలితం ఉంటుంది, ఎందుకంటే ఆడ ఇంకా ఏదీ ఖాయం కాలేదు. పోల్స్ అట్ల కాదు, జాస్తి భాగం ఆల్రెడీ తేల్చేసినాక మనల్ని అడుగుతారు. కష్టమేందంటే ఆ డ్రాఫ్టులు ఇంగ్లీష్ పీడీఎఫ్, మ్యాపులో సర్వే నంబర్లే కానీ మనం పిలిచే వీధుల పేర్లుండవు, ఫోన్లో తెరిస్తే మొబైల్ వేడెక్కిపోతుంది. 2025 జనవరిలో మన మిత్ర, అంటే రాష్ట్ర ప్రభుత్వం వాట్సాప్ సేవ, వచ్చినాక సర్టిఫికెట్ల పని రోంత తేలికైంది, మా షాపుకి గిరాకీ తగ్గింది కూడా, కానీ సర్టిఫికెట్ తీసుకోవడం వేరు, ఊరి ప్లాన్‌లో మాట చెప్పడం వేరు.

పూణేలో 2006 నుంచి వార్డు బడ్జెట్‌లో ఏ పని పెట్టాలో జనాన్ని అడుగుతున్నారు, ఫారం నింపి ఇచ్చేది, చిన్న చిన్న పనులకే. ఫుట్‌పాత్, బస్‌స్టాప్, లైటు, అట్లాంటివి. నాకు నచ్చింది ఆ చిన్నతనమే. నా వీధి గురించి నన్నడిగితే నాకు జవాబు తెలుసు, ఊరి విజన్ ఏందని అడిగితే ఏం చెప్పాల?

కొత్తగా వాడేవాళ్ళకి ఒకటే మాట, సబ్మిట్ కొట్టే ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి, ఒక కాపీ ప్రింట్ తీసి ఆఫీసులో ఇచ్చి రసీదు మీద స్టాంపు వేయించుకోండి. నా దగ్గరే తియ్యాలనేం లేదు. వచ్చిన సలహాలన్నీ, దేనికి ఒప్పుకున్నారో దేనికి ఎందుకు కాదన్నారో, తెలుగులో ఆ పేజీలోనే పెట్టిన రోజున ఇంకో స్టార్ కలుపుతా, అంతవరకు 2.5 నే.