చేపపొడి తగ్గించిన వనామీ రొయ్యల మేత: ఒక పంట వాడాక నా అభిప్రాయం

మాది పశ్చిమ గోదావరి జిల్లా ఉండి దగ్గర వనామీ సాగు. ఈ పంటకి పక్కపక్క చెరువులు రెండింట్లో ఒకే హేచరీ సీడ్ (రొయ్య పిల్లలు) వదిలాం. పిల్ల దశ దాటాక వేసే మూడో నంబర్ మేత నుంచి ఒకదానికి ఎప్పుడూ వేసేదే వేశాం. రెండోదానికి చేపపొడి బాగా తగ్గించి, సోయా చెక్క, బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పురుగుల పొడి కలిపిన కొత్త రకం వేశాం. కిలోకి ఆరు రూపాయలు తక్కువ. సాగు ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంటే ఆరు రూపాయలు చిన్న తేడా కాదు.

బస్తా విప్పగానే మా గుమస్తా గుప్పెడు తీసి వాసన చూసి, "నీచు వాసనే లేదండి, తింటాయంటారా?" అన్నాడు. గ్లాసు నీళ్లలో నాలుగు గుళికలు వేసి పెట్టాం. రెండు గంటలకి వేలితో నొక్కితే మెత్తబడ్డాయి గానీ విడిపోలేదు, నీళ్లూ మురికి పట్టలేదు. రొయ్యలు ఎంత తింటున్నాయో చూడటానికి చెరువులో దించే చెక్ ట్రేలో మొదట్లో కాస్త మిగిలింది, అలవాటు పడ్డాక పాత మేతలాగే ఖాళీ చేశాయి. విసురు వలలో పడిన రొయ్యని వెలుతురుకి ఎత్తి చూస్తే పేగు ఎక్కడా తెగకుండా తల నుంచి తోక దాకా నిండుగా కనిపించింది.

నా అనుమానం వాసన గురించి కాదు. సోయాలో మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. పైగా రొయ్య తన ఒంట్లో కొలెస్ట్రాల్ తయారు చేసుకోలేదు, మేతలోనే అందాలి. అది లేకపోతే కుబుసం విడవడమే కష్టం. చేపపొడి తగ్గిస్తే ఈ రెండూ విడిగా కలపాల్సిందే. గట్టు మీదకి వచ్చిన కంపెనీ టెక్నీషియన్‌ని సూటిగా అడిగితే కలుపుతున్నామనే చెప్పాడు. లూజ్ షెల్ (పెంకు వదులైపోయే) సమస్య ఏమీ రాలేదు కాబట్టి ఆ మాట నమ్ముతున్నాను.

ముసురు పట్టిన రోజుల్లో మాత్రం తేడా తెలిసింది. డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) తగ్గినప్పుడు రెండు చెరువుల్లోనూ తిండి తగ్గింది గానీ, కొత్త మేత వేసిన చెరువు ట్రేల్లో ఎక్కువ మిగిలింది, మళ్లీ పుంజుకోవడానికీ టైం పట్టింది.

పట్టుబడికి రెండింట్లోనూ కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగేదీ) దాదాపు ఒకటే. ఎఫ్‌సీఆర్, అంటే కిలో రొయ్యకి పట్టిన మేత కిలోల లెక్క, పాతదానికి 1.4, కొత్తదానికి 1.45 వచ్చింది. మేత కాస్త ఎక్కువ పట్టినా, ధర తక్కువ కాబట్టి కిలో రొయ్యకి రెండున్నర రూపాయల దాకా మిగిలింది. నాలుగు టన్నుల చెరువు మీద పది వేలు.

బస్తా మీద ముద్రణ విషయంలో మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది. క్రూడ్ ప్రోటీన్ 35 శాతం అని పెద్ద అక్షరాల్లో వేశారు. అందులో చేపపొడి ఎంత, పురుగుల పొడి ఎంత అనేది ఎక్కడా లేదు. డీలర్‌కీ తెలియదు. క్రూడ్ ప్రోటీన్ అంటే నైట్రోజన్ కొలిచి 6.25తో హెచ్చవేసిన లెక్క. పురుగు పెంకులో ఉండే కైటిన్‌లోనూ నైట్రోజన్ ఉంటుంది, అదీ ప్రోటీన్ ఖాతాలోకే పోతుంది. అంటే అదే 35 శాతంలో రొయ్యకి పనికొచ్చేది తక్కువ ఉండొచ్చు. డబ్బులు పోసి కొనే రైతుకి ఇది చెప్పాలి కదా!

అయినా ఇలాంటి మేతలు నిలబడాలనే నా కోరిక. 2023లో ఎల్‌నినో దెబ్బకి పెరూలో చేపపొడికి వాడే ఆంకోవీ చేపల మొదటి సీజనే రద్దయి చేపపొడి ధర ఎగబాకింది. పోనీ సోయా ఒక్కటే నమ్ముకుందామా అంటే, 2021లో దాని ధర మండిపోయి, కేంద్రం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. కూరగాయల వ్యర్థాల మీద పెరిగే పురుగుని మన దగ్గరే పెంచుకోవచ్చు.

వచ్చే పంటకి మళ్లీ కొంటాను, మూడో నంబర్ నుంచే. పిల్ల దశలో మాత్రం పాత మేతే. మార్చేటప్పుడు ఒక్కసారిగా మార్చకండి, పాతదానిలో పావు వంతు, తర్వాత సగం కలుపుతూ రండి. ముసురు పట్టిందంటే ట్రే చూశాకే తర్వాతి పూట మేత వేయండి.