పేగు బ్యాక్టీరియా టెస్ట్ కిట్: రెండు స్టార్లు, అది గూడ డబ్బాకే

నాకు ఆరేండ్ల సంది అల్సరేటివ్ కొలైటిస్, పెద్దపేగు వాచి లోపల పుండ్లయ్యే రోగం. మొదట్ల నెత్తురు పడ్తుంటే మొలలే అనుకొని రెండు నెలలు నాటుమందు తిన్న, ఆఖరికి నల్గొండల డాక్టర్ సారు కొలనోస్కోపీ, అంటే పెద్దపేగులకు కెమెరా పంపి చూసుడు, చేస్తే బయటవడ్డది. మా అమ్మకైతే ఇదంత నీళ్ల వల్లనే, మా దిక్కు ఏ రోగమొచ్చినా ఫ్లోరైడ్ మీదనే వడ్తది. పేగు వాపు తగ్గించే మెసలమైన్ గోలీలతోని మంచిగనే నడిచింది గని మొన్న దసరాకు మళ్ల ఎగవడ్డది, రోజుకు ఎనిమిది తొమ్మిది సార్లు, హైదరాబాద్ బస్సెక్కాల్నంటే భయం. గప్పుడే ఫోన్ల యాడ్ కనవడ్డది, మీ పేగులల్ల ఏ బ్యాక్టీరియా ఉన్నదో చెప్తం, దాన్ని బట్టి తిండి చెప్తం అని. ఎనిమిది వేల చిల్లర. కష్టంల ఉన్నోడు ఆగుతడా, కట్టేసిన.

డబ్బా మస్తుంది, గ్లౌజులు, ట్యూబు అన్ని నీటుగున్నయి, తెలుగుల మాత్రం ఒక్క ముక్క లేదు. తీస్కపోను వచ్చిన కొరియర్ పిలగాడు "ఏమున్నయన్నా ఇండ్ల, సకినాలా" అన్నడు. ఏం చెప్పాలె.

మూడు వారాలకు నలభై పేజీల రిపోర్టు. ఫీకాలిబ్యాక్టీరియం ప్రాస్నిట్జీ తక్కువున్నదని ఎర్ర రంగుల రాసిండ్రు. అది మంచి జీవే, పీచు పదార్థం నుంచి బ్యూటిరేట్ తయారుచేస్తది, పెద్దపేగు గోడకు అదే తిండి, మా అసొంటోళ్లల్ల తక్కువుంటదని చాన పరిశోధనలల్ల వచ్చింది. గని అది తగ్గి రోగమొచ్చిందా, రోగమొచ్చి అది తగ్గిందా? రిపోర్టుల ఆ మాటే లేదు. కింద మాత్రం నెలకు రెండు వేల ప్రోబయాటిక్ పొడి (మంచి బ్యాక్టీరియా ఉండే పొడి) కొనమని ఉన్నది. ఆ పొడి మీద పేర్లు చదివిన, ఈ జీవి అండ్ల లేనే లేదు! గాలి తగిల్తెనే సచ్చేది, పొడిల ఎట్ల పెడ్తరు మరి.

సారు నాలుగు పేజీలు తిప్పి "దీన్ని చూసి నేను మందు మార్చలేనయ్యా" అన్నడు. మలం కాల్‌ప్రొటెక్టిన్ రాసిండు, పేగుల వాపు ఎంతున్నదో చెప్పే టెస్టు, మామూలుగ 50 లోపుండాలె, నాకు 900 దాటింది. విరేచనాలు పెట్టే సీ డిఫిసైల్ అనే బ్యాక్టీరియా లేదని చూసి, టీబీ గూడ లేదని ఛాతీ ఎక్స్‌రే, రక్తం చూసినంకనే టోఫాసిటినిబ్ మొదలువెట్టిండు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందు గదా. ఇప్పుడు రోజుకు రెండు సార్లే. అసలు పైసలు గీడ వెట్టాలె.

రోగం లేనోళ్ల మలం మన పేగులల్లకు ఎక్కిచ్చే చికిత్స సంగతి గూడ అడిగిన, నవ్వకుర్రి, నిజంగనే ఉన్నది. లూథియానా డాక్టర్లు చేస్తున్నరు. 2017ల ఆస్ట్రేలియాల 81 మంది మీద చూస్తే అది తీసుకున్నోళ్లల్ల 27 శాతం మందికి, ఉత్తదిచ్చినోళ్లల్ల 8 శాతం మందికి స్టెరాయిడ్ లేకుండ తగ్గింది. అంటే బ్యాక్టీరియాల దమ్మున్నది, గని అమెరికాల 2022, 2023ల ఒప్పుకున్న ఇసొంటి మందులు మల్లమల్ల వచ్చే సీ డిఫిసైల్‌కే, మా రోగానికి కాదు.

కిట్ పైసలు వాపస్ అడిగితే శాంపిల్ వాడినంక ఇయ్యమన్నరు. అయితే నా శాంపిల్ నాకు పంపుర్రి అన్న, ఇంక జవాబు రాలే.