క్యూరేటర్ అవ్వాలంటే మ్యూజియాలజీయా, ఆర్ట్ హిస్టరీయా?

పండక్కి విజయనగరం వచ్చినప్పుడల్లా డిగ్రీ పిల్లలు ఇద్దరు ముగ్గురైనా ఇదే అడుగుతున్నారు. సమకాలీన కళ మ్యూజియంలో క్యూరేటర్‌గా, అంటే ఏ బొమ్మ పెట్టాలో, దాన్ని ఎలా చూపించాలో చూసుకునే పని చేయాలనుకునేవాళ్ల కోసం ఈసారి వివరంగా రాస్తున్నాను.

మ్యూజియాలజీ అంటే మ్యూజియం పని నేర్పే చదువు. ఆ శాఖ బరోడా ఎం.ఎస్. యూనివర్సిటీలో 1952 నుంచీ ఉంది. నేను చదివిందీ అక్కడే. కాగితం మీది బొమ్మకి వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలత) దాటకూడదని, రంగు ఎక్కడ పెచ్చులూడిందో చూసి కండిషన్ రిపోర్ట్ ఎలా రాయాలో దగ్గరుండి చేయిస్తారు. ప్రభుత్వ మ్యూజియాల నోటిఫికేషన్లలో ఈ పీజీ గానీ డిప్లొమా గానీ అడగడం మామూలే. "ఏటి ఉద్యోగం అది?" అనే ఇంట్లోవాళ్లకి చెప్పుకోడానికి ఒక జవాబుంటుంది.

ఆర్ట్ హిస్టరీకి, అంటే కళా చరిత్రకి, బరోడా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. అక్కడ నేర్పేది చూడటం, చూసింది రాయడం. నా లెక్కలో అసలు తేడా ఇదే.

కిందటేడు మా మ్యూజియంకి కాన్వాస్ మీద వేసిన సవర గిరిజనుల చిత్రం ఒకటి వచ్చింది. కండిషన్ రిపోర్ట్ అరగంటలో అయిపోయింది. పక్కన అంటించే లేబుల్‌కి మాత్రం వారం పట్టింది. సీతంపేట వైపు ఊళ్లలో దాన్ని ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో వేస్తారు. చనిపోయిన పెద్దలు వచ్చి ఉండే ఇల్లు అది. ఆ ఇంటిని ఏసీ హాల్లో వేలాడదీశాక ఏమని రాయాలి? 'గిరిజన చిత్రం, యాక్రిలిక్' అంటే తప్పు కాదు, కానీ ఎంత దారుణం! చివరికి వేసినాయనకే ఫోన్ చేశాను. దీనికి పూజ చెయ్యలేదు కాబట్టి ఇందులోకి ఎవరూ దిగలేదన్నాడు. ఆయన పేరు పైన పెట్టి, కింద ఆ మాటే రాశాను.

సమకాలీన కళలో రోజూ ఉండేది ఇలాంటి పనే. కాన్వాస్ చిరిగితే బొమ్మలు బాగుచేసే కన్సర్వేటర్ చూసుకుంటారు. లేబుల్ మాత్రం మనమే రాయాలి. అందుకే ముందు ఆర్ట్ హిస్టరీ చదివి, తర్వాత మ్యూజియాలజీ డిప్లొమా చెయ్యమంటాను. వెంటనే జీతం కావాల్సినవాళ్లు నాలాగా మ్యూజియాలజీతో మొదలుపెట్టొచ్చు. రాయడం సొంతంగా నేర్చుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

గ్యాలరీలో అసిస్టెంట్‌గా చేరడం, 2012 నుంచి జరుగుతున్న కొచ్చి బినాలే అనే పెద్ద కళా ప్రదర్శనలో పని చేయడం అనుభవానికి మంచివే. డిగ్రీ బదులుగా మాత్రం పనికిరావు.

అప్లై చేసే ముందు ఒకసారి గురజాడ గారి ఇంటికి వెళ్లండి. అక్కడున్న ఒక్క వస్తువు ఎంచుకుని తెలుగులో 60 మాటల లేబుల్ రాయండి. రాత్రి పడుకున్నాక కూడా దాన్ని మార్చాలనిపిస్తుంటే ఆర్ట్ హిస్టరీకే వెళ్లండి.