16 అడుగుల ఫైబర్ బోటు, 40 హార్స్‌పవర్ ఇంజను: శ్రీశైలం బ్యాక్ వాటర్లో ఐదేళ్ళు నడిపినాక

40 చాలడం లేదు, 60 హార్స్‌పవర్ ఇంజను కొందామని చూస్తున్నోళ్ళు ఎవరన్నా ఉంటే ఒక్క వారం ఆగి ఇది చదవండి. నేనూ అట్లనే అనుకుంటి, అడ్వాన్స్ కూడా సర్దుకుంటి, అది కొనకుండా ఆగినందుకు ఈరోజుకీ సంతోషపడుతున్నా. ఎందుకంటే నా బోటులో తక్కువైంది పవర్ కాదు, సరిగ్గా లేనివి ఇంజను బిగించిన ఎత్తూ, ఫ్యానూ (నీళ్ళలో తిరిగే ప్రొపెల్లర్), బరువు పెట్టే చోటూ. ఈ మూడూ సరిగ్గా లేకుంటే ఎంత పెద్ద ఇంజను పెట్టినా అది నీళ్ళు చిలకడానికే పోతుంది.

నాది కర్నూలు, బోటు మాత్రం నందికొట్కూరు దాటి సంగమేశ్వరం వైపు బ్యాక్ వాటర్లో ఉంటుంది (ఇప్పుడు అది నంద్యాల జిల్లాలోకి పోయింది, మా నోటికి ఇంకా కర్నూలు జిల్లానే). 2019లో సెకండ్ హ్యాండ్ ఫైబర్ బోటు తీసుకొని కొత్త 2-స్ట్రోక్ ఇంజను పెట్టించినా, చేత్తో హ్యాండిల్ పట్టుకొని నడిపేది, స్టీరింగ్ లేదు. పని ఏందంటే ఒడ్ల మీద గుడిసెలు వేసుకొని ఉండే జాలర్ల క్యాంపులకి ఐసు తీసుకుపోవడం, వస్తా వస్తా బొచ్చె, రాగండి, జిలేబీ చేపలు బండి నిలబడే ఒడ్డుకి తేవడం. పోయేటప్పుడు రెండు వందల కిలోలు, వచ్చేటప్పుడు మూడు వందలు దాకా లోడు, ఒక్కోరోజు ఖాళీ.

మొదటి మూడేళ్ళు ఏమైందో చెప్తా. రేజ్ ఇస్తే ముక్కు ఆకాశానికి లేస్తుంది, ముందర ఏముందో కనపడదు, బోటు నీళ్ళ మీదకి ఎక్కడానికి (అంటే నీళ్ళు చీల్చుకుంటా కాకుండా పైన జారుతా పోవడానికి) శానా సేపు పడుతుంది, ఎక్కినాక వెనకనుంచి జల్లు లేచి నా వీపంతా తడుపుతుంది, ఖాళీ బోటు మీద ఫుల్ రేజ్ ఇచ్చినా ఫోన్ జీపీఎస్‌లో 36 కిలోమీటర్లు దాటింది లేదు. అడిగిన ప్రతి ఒక్కరూ ఇంజను చిన్నది అన్నారు. అసలు సంగతి ఏందంటే ఇంజను అమ్మినాయన నా బోటు వెనక పలక, అంటే ఇంజను తగిలించే పలక, ఎత్తు కొలవనే లేదు. ఇంజను కాలు పొడుగుని బట్టి షార్ట్ షాఫ్ట్ 15 ఇంచుల పలకకి, లాంగ్ షాఫ్ట్ 20 ఇంచుల పలకకి వస్తాయి, నా బోటు వెనక పలక 17న్నర ఇంచులు, దానికి లాంగ్ షాఫ్ట్ తగిలించి పంపించినాడు. కొలవడానికి రెండు నిమిషాలు పట్టేది. ఆ రెండు నిమిషాలు పెట్టనందుకు మూడేళ్ళు నేను పెట్రోలు పోసినా, ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

అది కనిపెట్టింది మా చిన్నాయన కొడుకు. వాడు టెక్సాస్‌లో ఉంటాడు, వాడికి అక్కడ బాస్ బోటు ఉంది, 20 అడుగులు, 225 హార్స్‌పవర్, గంటకి 70 మైళ్ళు అంటే మన లెక్కలో 112 కిలోమీటర్లు పోతుంది. బాస్ అంటే వాళ్ళు గాలానికి పట్టే చేప, ఆ చేప కోసమే పుట్టిన బోటు అది, 1948లో లూసియానాలో హోమ్స్ థర్మండ్ అనే ఆయన స్కీటర్ అని మొదటిది చేసినాడంట. 2022 దసరాకి వాడు ఊరికొచ్చినప్పుడు డ్యామ్ నిండుగా ఉంది, బోటు ఎక్కించుకొని తిప్పుదామని నేను ఆశగా తీసుకుపోతే వాడు ఇంజను స్టార్ట్ చేయనీకుండా "అన్నా, టేపు ఉందా" అన్నాడు. టేపు లేకపోతే దారం తెప్పించి, బోటు అడుగు కింద తిన్నగా ఒక కర్ర పెట్టి వెనక్కి చాపినాడు. ఫ్యాన్ పైన వెడల్పుగా ఒక రేకు లాంటిది ఉంటుంది చూడండి, అది ఆ కర్రకి దాదాపు సమానంగా గానీ కొంచెం పైన గానీ ఉండాల. నాది రెండున్నర ఇంచులు కిందికి దిగి ఉంది. "ఇది నీళ్ళలో బ్రేకు వేసుకొని పోతున్నట్టు అన్నా" అన్నాడు.

వాళ్ళ బోట్లలో ఇంజను ఎత్తడానికి దించడానికి జాక్ ప్లేట్ అని స్విచ్చు నొక్కితే కదిలేది ఉంటుంది. మాకు నందికొట్కూరులో కార్పెంటరు ఉన్నాడు. టేకు దిమ్మె రెండుంపావు ఇంచులు కోయించి, పలక మీద పెట్టి, రెండు పక్కలా స్టెయిన్‌లెస్ పట్టీలు బోల్టులు వేసి బిగించి, దాని మీద ఇంజను ఎక్కించినాము. మళ్ళీ నీళ్ళలోకి దించి రేజ్ ఇచ్చినప్పుడు నాకు నోట మాట రాలేదు. అదే బోటు, అదే ఇంజను, అదే పెట్రోలు, 45 కిలోమీటర్లు. జల్లు పోయింది, వీపు పొడిగా ఉంది.

ఒక జాగ్రత్త. ఎత్తు పెంచితే మంచిదని ఇంకా ఇంకా పెంచకూడదు. మేము ఇంకో అర ఇంచు ఎత్తి చూసినాము, నేరుగా పోతే బాగానే ఉంది గానీ మలుపులో ఫ్యాన్ పైనుంచి గాలి మింగి ఇంజను గొంతు చించుకున్నట్టు అరిచింది, బోటు మాత్రం కదల్లేదు. కూలింగ్ నీళ్ళు లాగే రంధ్రాలు కూడా అక్కడే ఉంటాయి, అవి గాలి లాగితే ఇంజను కాలిపోతుంది. వెనక సన్న ధారగా నీళ్ళు చిమ్ముతుంటుంది కదా, ఎత్తు మార్చిన ప్రతిసారీ ఫుల్ స్పీడులో తల తిప్పి ఆ ధార చూడండి, సన్నబడితే దించండి.

ఇంగ ఫ్యాను. దాని మీద రెండు నంబర్లు ఉంటాయి, మొదటిది వెడల్పు, రెండోది పిచ్, అంటే ఒక చుట్టు తిరిగితే లెక్క ప్రకారం ఎన్ని ఇంచులు ముందుకు పోవాలనేది. నాకు ఇంజనుతో వచ్చింది 13 పిచ్. స్పార్క్ ప్లగ్ వైరుకి చుట్టే చిన్న ఆర్పీఎం మీటరు ఒకటి కొన్నా, ఈ ఐదేళ్ళలో పెట్టిన అన్ని ఖర్చుల్లోకీ పనికొచ్చింది అదే. నా ఇంజను బుక్కులో ఫుల్ రేజ్‌లో 4500 నుంచి 5500 మధ్య తిరగాలని ఉంది. ఖాళీగా 5300 వస్తుంది, బాగుంది, చేపల లోడు వేస్తే 4300కి పడిపోతుంది. అంటే అయిదో గేరులో ఘాటు ఎక్కుతున్నట్టే, ఇంజను మూలుగుతుంది, మసి పడుతుంది, పిస్టన్ పాడవుతుంది. 11 పిచ్ ఫ్యాన్ తెప్పించినా, లోడు మీద 4700 వచ్చింది. పిచ్ ఒక ఇంచు తగ్గిస్తే 150 నుంచి 200 ఆర్పీఎం పెరుగుతుంది, ఆ లెక్క నా బోటు మీద కూడా సరిపోయింది. టాప్ స్పీడ్ తగ్గింది, 30 దగ్గర పోతా, కానీ బోటు ఠక్కున నీళ్ళ మీదకి లేస్తుంది, మా పనికి అదే కావాల్సింది. ఖాళీ బోటు మీద 11 పిచ్ ఫ్యాన్‌తో ఫుల్ రేజ్ ఇవ్వకండి, ఆర్పీఎం పైకి దాటిపోతుంది.

బరువు సంగతి నేనే పడి నేర్చుకున్నా. పెట్రోలు క్యాను, ఐసు పెట్టె, నేను, అందరం వెనకే. స్పీడు అందుకోగానే ముక్కు ఎగరడం పడటం, ఎగరడం పడటం, అలల్లేని నీళ్ళలో కూడా. క్యాను ముందుకి మార్చి పైపు పొడుగుది వేసినా, ఐసు పెట్టె మధ్య పలక ముందరికి జరిపినా, ఇంజను కింద వంపు సర్దే పిన్ను ఉంటుంది కదా దాన్ని ఒక రంధ్రం లోపలికి వేసినా, ఎగరడం ఆగిపోయింది. మరీ లోపలికి వేస్తే ముక్కు నీళ్ళలోకి దూరుతుంది, ఆషాఢం గాలికి సిద్ధేశ్వరం కొండల మధ్య ఎదురలలు లేచినప్పుడు అట్ల దూరితే నీళ్ళు లోపలికి వస్తాయి. ఒక్కో రంధ్రం మార్చి చూసుకోవాల్సిందే, దీనికి అడ్డదారి లేదు.

బోటు సర్దడం వారం పని, నడపడం రావడానికి ఏళ్ళు పడుతుంది. స్పీడులో ఉన్నప్పుడు భయమేసి రేజ్ ఒక్కసారి మూసేస్తే వెనక వస్తున్న అల పలక దాటి లోపలికి పడుతుంది, లోడు ఉంటే అదొక్కటే చాలు మునగడానికి, అందుకే నిదానంగా తగ్గించాల. మలుపుకి ముందే తగ్గించి, మలుపు మధ్యలో మల్ల కొంచెం ఇవ్వాల. తమ్ముడు తన బోటు గురించి చెప్తే నాకు ఒళ్ళు జలదరించింది, అంత స్పీడులో బోటు మొత్తం లేచిపోయి వెనక అడుగున జానెడు వెడల్పు పట్టీ మీదే నిలబడుతుందంట, కుడికి ఎడమకి ఊగడం మొదలవుతుంది, దాన్ని చైన్ వాక్ అంటారు, ఊగడం పెరిగితే మనిషిని విసిరేస్తుంది. ఊగగానే రేజ్ ఇసుమంత తగ్గించి చక్రం గట్టిగా పట్టుకోవాల, స్టీరింగులో లూజు లేకుండా చూసుకోవాల, రోజుకి రెండు మైళ్ళు చొప్పున స్పీడు పెంచుకుంటా వాడు ఒక సీజన్ అంతా నేర్చుకున్నాడు. నా 45కి ఆ ఊగుడు రాదు. కానీ ఒకేసారి ఫుల్ ఇవ్వకుండా మెట్టు మెట్టుగా నేర్చుకోవడం అనేది నాకూ పనికొచ్చింది.

ఎర్ర తాడు గురించి మాత్రం గట్టిగా చెప్తున్నా. ఇంజనుకి ఒక క్లిప్పు, రెండో కొస మన చేతికో లైఫ్ జాకెట్‌కో, మనిషి పడితే క్లిప్పు ఊడి ఇంజను ఆగిపోతుంది. నేను రెండేళ్ళు దాన్ని ఇంజనుకే చుట్టి ఉంచినా. 2021 మార్చిలో ముచ్చుమర్రి వైపు మునిగిన గోడ ఏదో కింద తగిలి ఇంజను ఎగిరింది, హ్యాండిల్ చేతిలోంచి జారి నేను నీళ్ళలో పడితి, బోటు నా చుట్టూ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది, ఆ ఫ్యాన్ శబ్దం నా చెవి పక్కనే. ఇంకో బోటు ఆయన దూరం నుంచి చూసి వచ్చి దాన్ని ఆపినాడు. అమెరికాలో 2021 ఏప్రిల్ నుంచి 26 అడుగుల లోపు బోట్లకి ఈ తాడు కట్టుకోవడం చట్టమే చేసినారంట. ఇప్పుడు నా బోటులో ఇది లేకుండా స్టార్ట్ చేసేదే లేదు.

డ్యామ్ నిండితే నీటి మట్టం సముద్రం నుంచి లెక్కేసి 885 అడుగులు, ఎండాకాలానికి ఎంతో కిందికి పోతుంది, సంగమేశ్వరం గుడి శిఖరం ముందు, తర్వాత మండపం బయటపడతాయి. అప్పుడు మునిగిపోయిన ఊర్ల గోడలు, చెట్ల మొద్దులు అన్నీ జానెడు నీళ్ళ కింద ఉంటాయి. పోయిన వారం పోయిన దారే ఈ వారం పనికిరాదు. నీళ్ళు దిగినప్పుడు ఒడ్డున నడిచి ఫోటోలు తీసి పెట్టుకోండి, నిండినాక అవే మీ మ్యాపు.

మెయింటెనెన్స్‌లో రెండే మాటలు. వల దారాలు ఫ్యాన్ షాఫ్టుకి చుట్టుకొని సీలు కోసేస్తాయి, నెలకోసారి ఫ్యాన్ విప్పి చూడండి, గేర్ ఆయిలు పాలలాగా తెల్లబడితే నీళ్ళు పోయినట్టే. లీటరు పెట్రోలుకి 20 ఎంఎల్ ఆయిలు, టీసీ-డబ్ల్యూ3 అని ఉన్నదే, బైకుది వద్దు. వరదకి ఒండ్రు నీళ్ళు వచ్చిన సీజన్ అయిపోగానే కూలింగ్ నీళ్ళ పంపులో తిరిగే రబ్బరు చక్రం, ఇంపెల్లర్ అంటారు, మార్చేస్తా.

బాధలు లేవా అంటే ఉన్నాయి. ఫుల్ రేజ్‌లో గంటకి 15 లీటర్లు దాటుతుంది, శబ్దానికి సాయంత్రానికి చెవులు గుయ్యిమంటాయి. 4-స్ట్రోక్ తీసుకోమంటున్నారు, కానీ అది దాదాపు ఇరవై కిలోలు ఎక్కువ బరువు, ఆ బరువంతా వెనక పలక మీదే, మల్ల మొదటి నుంచి సర్దుకోవాల. నా టేకు దిమ్మె కింద ఎడమ బోల్టు కాడ ఇప్పటికే నీళ్ళు ఊరుతున్నాయి, ఎండాకాలం నీళ్ళు దిగినాక ఇంజను దించి, పలక లోపల చెక్క మెత్తబడిందేమో గుచ్చి చూసినాకే కొత్త ఇంజను మాట.