హన్మకొండల కొత్త ఇంటర్నెట్ కనెక్షన్ తీసుకునేటోళ్లు ఆరు నెలల పైసలు ముందే కట్టకుండ్రి

మాది గోపాల్‌పూర్ దిక్కు. మార్చిల మా గల్లీకి ఫైబర్ వచ్చిందని సంబురపడి 6 నెలల ప్యాకేజీ ఒకటేసారి కట్టిన. నెలకు 700 చొప్పున 4,200, మీదికెల్లి 18 శాతం జీఎస్టీ, మొత్తం 4,956 రూపాయలు.

స్పీడు గురించి మూడు లెక్కలు చెప్పిండ్రు. పాంప్లెట్ల 200 ఎంబీపీఎస్. వైరు గుంజిన పిల్లగాడు "150కి తగ్గదు సార్" అన్నడు. పైసలు కట్టినంక కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "మీ ఏరియాకు 60 నుంచి 80" అన్నరు. పాంప్లెట్ మళ్ల తీసి చూస్తే 200 పక్కన చీమ తలకాయంత అక్షరాలల్ల "వరకు" అని ఉన్నది.

కనెక్షన్ ఇచ్చింది పొద్దుగాల 11కు. ఆ పిల్లగాడు తన ఫోన్ల స్పీడు టెస్ట్ పెట్టి 187 చూపెట్టిండు, నేను సంతకం పెట్టిన. అదే రోజు రాత్రి 9 గంటలకు 7 ఎంబీపీఎస్సే వచ్చింది. మా బిడ్డ ఇంట్ల నుంచే ఆఫీసు పని చేస్తది, అమెరికా వాళ్లతోటి మీటింగులన్నీ రాత్రిపూటనే. మాట్లాడుతుంటే గొంతు ముక్కలు ముక్కలైతున్నది. ఆఖరికి డాబా మీదికి పోయి, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకొని, దోమలల్ల కూసొని మీటింగు అయిందనిపించింది. ఆ పిల్లను అట్ల చూస్తే నా పానం ఉసూరుమన్నది.

కంపెనీ వాళ్లేమో "మీ వైఫై ప్రాబ్లం" అన్నరు. లాన్ వైరు లాప్‌టాప్‌కే పెట్టి చూసిన, 9 దాటలేదు. వాళ్ల ఆఫీసుకు పోతే, 2 ఎంబీపీఎస్ దాటితే సర్కారు లెక్కల బ్రాడ్‌బ్యాండే కదా అన్నరు. 2023ల ఆ 2 పెట్టింది నిజమే, కని అది కనీసం లెక్క. 200 అని అమ్మి 2 లెక్క చూపెట్టుడు ఏం న్యాయం?

ఒక్క ఫైబర్ పోగును స్ప్లిటర్ పెట్టి 32, 64 ఇండ్లకు పంచుతరు. ఆపరేటర్ పైనుంచి కొనే బ్యాండ్‌విడ్త్ (అందరికి కలిపి నెట్ కెపాసిటీ) తక్కువుంటే, రాత్రి ఇంటింటికి టీవీలల్ల సినిమాలు పెట్టంగనే కూలబడ్తది. పొద్దున ఖాళీ ఉన్నప్పుడు టెస్ట్ చేసేది అందుకే. ఇంకోటి, టెస్ట్ యాప్‌లు దగ్గరున్న సర్వర్‌నే పట్టుకుంటయి, ఒక్కోసారి అది వాళ్ల నెట్‌వర్క్‌లదే అయి ఉంటది. ముంబై సర్వరో చెన్నై సర్వరో పెట్టి చూడుండ్రి, అసలు సంగతి తెలుస్తది.

మీరు తీసుకునేటట్టుంటే ఒక్క నెలకే కట్టుండ్రి. రాత్రి 8 నుంచి 11 మధ్యల, లాన్ వైరు పెట్టి, మూడు నాలుగు రోజులు చూడుండ్రి. వైఫైల తక్కువ చూపెట్టిందని కొట్లాడకుండ్రి, 2.4 గిగాహెర్ట్జ్ (వైఫైల నిదానం బ్యాండ్) మీద 40, 50 రావుడు మామూలే. స్పీడు ఎంతన్నది వాట్సాప్‌ల రాయించుకోండ్రి, నోటి మాటకు ఆధారం ఉండదు. కంప్లైంట్ చేస్తే డాకెట్ నంబర్ (ఆ కంప్లైంట్‌కు ఇచ్చే నంబర్) అడుగుండ్రి. నేను మొదటి మూడు సార్లు అడగలేదు, ఆ మూడు కంప్లైంట్లు రానేలేవన్నరు. తర్వాత నంబర్ తీసుకొని, అప్పీలు పెట్టి, 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కు కూడా చెప్పిన.

రెండు నెలలు వాడి తీపిచ్చేసిన. మిగిలిన 4 నెలల పైసలు ఇంకా రాలేదు.